లైటు కొట్టి పిలిచినందుకు

సర్వరీ బేగంకు పొగరెక్కువని, నేను వార్డులో అడుగుపెట్టకముందే నాకు చెప్పారు. చెప్పినవాళ్ళు ఒకరా ఇద్దరా! గేటు దగ్గర టీ పోసే ఆయన నుంచి మా కాలేజీ సీనియర్ల దాకా అందరిదీ అదే పాట. "పిలిస్తే పలుకది. మాట్లాడితే మొకంల మొకం పెట్టి చూస్తది. కరోనా కాన్నుంచి ఇంకింత ఎక్కువైంది" అన్నారు. పదిమంది చెప్పింది నమ్మడం తేలిక కాబట్టి నేనూ నమ్మాను.

నర్సింగ్ ఆఖరి సెమిస్టర్‌లో మాకొక పద్ధతి ఉంది. ఒక్కో విద్యార్థినిని ఒక్కో సీనియర్ నర్సుకు అప్పజెబుతారు. ఆమెను ప్రిసెప్టర్ అంటారు. పదహారు వారాలు ఆమె డ్యూటీయే మన డ్యూటీ, ఆమె షిఫ్టే మన షిఫ్టు. పక్కన ఉండి పని నేర్చుకోవాలి. చేసిన ప్రతి పనికీ లాగ్‌బుక్‌లో ఆమె సంతకం పడాలి. ఆ సంతకాలు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మొత్తానికి పెళ్ళిచూపులు లేకుండా అత్తగారింటికి పంపినట్టే.

నాతో చదివినవాళ్ళు కరీంనగర్, మంచిర్యాల ఆసుపత్రులకు ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళారు. మా ఇల్లు గోదావరిఖనిలోనే కాబట్టి ఇంటి దగ్గర ఉంటుందిలే అని మా సంధ్యారాణి మేడం నన్నొక్కదాన్నే ఇక్కడి దవాఖానలో వేశారు. మేలు చేశాననుకున్నారు పాపం. నా సోపతులంతా హాస్టల్లో ఒకే కంచంలో తింటున్న ఫోటోలు పెట్టేవారు. నేను మగవాళ్ళ మెడికల్ వార్డులో, ముప్ఫై మంచాల మధ్య, పలకరించే దిక్కు లేక వాటిని చూసేదాన్ని.

మొదటిరోజు జనవరి చలిలో ఉదయం షిఫ్టుకు వెళ్ళి, "గుడ్ మార్నింగ్ సిస్టర్, నా పేరు సహస్ర" అన్నాను. ఆమె తల ఎత్తి నన్ను చూసింది. అరవై ఏళ్ళ మనిషి. బక్కపలచన. గోరింటాకు పెట్టిన ఎర్రటి జుట్టు మీద తెల్ల స్కార్ఫు, చేతికి ఏ మగవాడిదో పెద్ద గడియారం. నా ముఖం ముందు వేలు ఆడించి, "మాస్కు తీసి మాట్లాడు" అంది. తీసి మళ్ళీ చెప్పాను. "సహస్ర" అని నా పేరును ఒకసారి నోట్లో తిప్పుకొని, "నాతోటి మాట్లాడాల్నంటే నా ఎదురుంగ వచ్చి నిలబడాలె. ఎనుకనుంచి పిలిస్తే నాకు నచ్చది" అంది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు. జనం అబద్ధం చెప్పలేదు, ఈమెకు నిజంగానే పొగరు అనుకున్నాను.

కానీ పని వచ్చిన మనిషి. ఆ మాట ఒప్పుకోకపోతే నా కళ్ళు పోతాయి.

రెండో వారంలో ఒక పేషెంటు, "నాకేంది బిడ్డా, మంచిగున్న" అని నవ్వుతూ చెప్పాడు. నేను ఛార్టులో అదే రాశాను. సర్వరక్క ఆయన మాట పట్టించుకోనేలేదు. దుప్పటి పాదాల దగ్గర పైకెత్తి చూసింది. చీలమండ మీద బొటనవేలు నొక్కి తీసింది. అక్కడ గుంట పడి అట్లాగే ఉండిపోయింది. తర్వాత తలగడలు చూపించింది. ఒకటి ఉండాల్సిన చోట మూడున్నాయి, పక్క మంచాలవి తెచ్చి పెట్టుకున్నాడు. "పండుకుంటె దమ్ము ఆడుతలేదు ఈయనకు. కూసోనే నిద్రపోతుండు. డాక్టరును పిలు" అంది. డాక్టరు వచ్చి చూసి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు.

"పేషెంటు మంచిగున్న అనే అంటడు బేటా. బాయిల పనిచేసినోడు ఎప్పుడు బాగలేదన్నడు?" అంది నాతో. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. "చెవులు మోసం చేస్తయి. కండ్లతోటి చూడు."

అది గొప్ప పాఠమని నా నోట్సులో రాసుకున్నాను. అందులో ఇంకో సంగతి ఉందని నాకప్పుడు తోచలేదు.

మధ్యాహ్నం మిగతా నర్సులు డ్యూటీ రూములో గుంపుగా కూర్చుని తినేవారు. అత్తల మీద, సీరియళ్ళ మీద ఒకరి మాట ఒకరు లాక్కుంటూ నవ్వులు. సర్వరక్క మాత్రం డబ్బా పట్టుకొని వార్డు వెనక మంచినీళ్ళ ఫిల్టరు పక్కన బెంచీ మీద కూర్చునేది. గోడకు వీపు, తలుపు వైపు ముఖం. నన్నూ ఆ గుంపులోకి ఎవరూ రమ్మనలేదు, సర్వరక్క పిల్ల కదా! అందుకని నేనూ ఆ బెంచీకే చేరాను. ఇద్దరం మాట్లాడకుండా తినేవాళ్ళం. ఎదురుగా కిటికీ చట్రం మీద, పొద్దున తుడిచినా మధ్యాహ్నానికి మళ్ళీ బొగ్గుపొడి వేలికి అంటేంత ఉండేది. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చేసే వేళకు అద్దాలు గిలగిలలాడేవి. అప్పుడు ఆమె అరికాళ్ళు నేలకు ఆనించి, గడియారం చూసుకొని, "టైముకే కొట్టిన్రు" అనేది. రోజంతా తనంతట తాను అనే మాట అదొక్కటే.

ఆ గడియారం ఆమె భర్త దస్తగిర్‌ది. బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలు బాగుచేసే మెకానిక్కు. ఎనిమిదేళ్ళ కింద పోయాడు. జూహీ అనే కూతురు నిజామాబాద్‌లో కాపురం. ఒక్కోసారి బెంచీ మీద ఫోను వణికేది, తెర మీద కూతురి పేరు. ఈమె దాన్ని చూస్తూ కూర్చునేది గానీ ఎత్తేది కాదు. వణుకు ఆగాక రెండు బొటనవేళ్ళతో ఏదో టైపు చేసి పంపేది. కన్నకూతురితో కూడా మాట్లాడని మనిషి ఎంత రాయి అయి ఉండాలి అని ఒళ్ళు మండేది నాకు.

ఇంటికి పోతే ఇంకో రకం. మా నాయిన సదానందం ఇరవై ఎనిమిదేళ్ళు అండర్‌గ్రౌండ్‌లో డ్రిల్లు మిషను నడిపాడు. బొగ్గు గోడకు రంధ్రాలు వేస్తూ వేస్తూ చెవులు పోగొట్టుకున్నాడు. మా గల్లీలో మూడిళ్ళకొక మగవాడు ఇట్లాంటివాడే. ఇటువంటి ఇంట్లో మనిషిని పిలవాలంటే కేకలు పెట్టరు, లైటు కొడతారు. అంటే స్విచ్చు రెండుసార్లు టకటకా వేసి తీస్తారు. మనిషి తల తిప్పుతాడు. "అన్నం పెట్టిన, నాయినకు లైటు కొట్టు" అంటుంది మా అమ్మ శోభ. మా హాల్లో తలుపు పక్క స్విచ్చు, వేళ్ళు తగిలి తగిలి నల్లబడి ఉంటుంది. "బాయిల గూడ గంతే బిడ్డా. ఆ మోతల నోరు పనిచెయ్యది. నెత్తిమీది లైటు ఊపితేనే పక్కోడు సూస్తడు" అనేవాడు నాయిన. నేను మాటల కన్నా ముందు లైటు కొట్టడం నేర్చుకున్నానట. అంత చిన్నప్పటి అలవాటు.

వార్డులో బీపీ చూసే డిజిటల్ మిషను నేను చేరిన కొత్తలోనే చెడిపోయింది. చేత్తో గాలికొట్టి, స్టెతస్కోపుతో విని చూసే పాతదే గతి. అన్ని రోజులూ ఆ పని నాచేతే చేయించి, నేను చెప్పిన అంకె ఒక్కసారైనా సరిచూడకుండా సంతకం పెట్టేసేది సర్వరక్క. నా మీద అంత నమ్మకమా అని లోపల పొంగిపోయేదాన్ని కూడా. అయిదో వారంలో ఒకరోజు నేను ఇంకో మంచం దగ్గర ఉంటే ఆమే చూడాల్సి వచ్చింది. స్టెతస్కోపు మెడలో ఉంది. చెవుల్లో పెట్టుకోలేదు. పేషెంటు మణికట్టు నాడి మీద మూడు వేళ్ళు వేసి, గాలి నెమ్మదిగా వదులుతూ, నాడి తిరిగి తగిలినచోట ముల్లు చూసుకుంది. అట్లా చూస్తే పై అంకె ఒక్కటే దొరుకుతుంది, కింది అంకె వింటేనే గానీ రాదు. "మీదిది నూట నలభై. కిందిది నువ్వు చూడు" అని నన్ను పిలిచి పక్కకు జరిగింది.

అప్పుడే పేషెంటు భార్య ఏదో అడగబోయింది. సర్వరక్క తల ఊపింది. ఆమె మాట ఇంకా పూర్తికానే లేదు.

నా వేలి కింద నాడి కొట్టుకుంటూ ఉంది గానీ నేను లెక్క మరిచిపోయాను. మాట అయిపోకముందే తల ఊపడం మా నాయిన అలవాటు. గోడకు వీపు పెట్టి తలుపు చూస్తూ కూర్చోవడం మా నాయిన అలవాటు. నవ్వే గుంపు నుంచి ముందే తప్పుకోవడం, ఎత్తుపల్లాలు లేని గొంతు, ఫోనంటే జంకు, అన్నీ మా ఇంట్లోవే. కరోనా కాలంలో పొగరు పెరగడం కాదు, జనం మూతులకు మాస్కులు వచ్చి ఆమెకు పెదవులు కనబడకుండా పోయాయి. ఇరవై రెండేళ్ళు చెవిటివాడింట పెరిగి, దీన్ని పోల్చుకోవడానికి నాకు అయిదు వారాలు పట్టింది.

మొదట కోపం వచ్చింది. నా పనికి మార్కులేసే మనిషి నా మాటే వినలేదు! తర్వాత భయం పట్టుకుంది. ఎవరూ సరిచూడని అంకెలు ఎన్ని రాశాను నేను? ఆ రోజు ఇంటికి పోకుండా ముప్ఫై మందికీ మళ్ళీ బీపీ చూశాను. అదృష్టం, పెద్ద తేడాలేవీ లేవు. అప్పటినుంచి ప్రతి అంకె రెండుసార్లు చూశాకే చెప్పేదాన్ని.

చెప్పాల్సింది, ఎవరికైనా. ఆ సంగతి నాకు తెలియక కాదు. కానీ ఏప్రిల్ నెలాఖరుకు ఆమె రిటైర్మెంటు. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో మిగిలినవి కొద్ది నెలలు. మంచం పక్క నిలబడి మొదలుపెట్టిన ఉద్యోగం మంచం పక్కనే ముగియాలని ఆమె పట్టు. ఆమె నోటితో అనకపోయినా, రోజూ డ్యూటీ ఎక్కేటప్పుడు వార్డు చివరిదాకా ఒకసారి నడిచి వచ్చే తీరు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మా నాయిన కూడా ఆఖరి నెలల్లో బాయి నుంచి అట్లాగే నడుచుకుంటూ వచ్చేవాడు.

కాబట్టి నోరు మూసుకొని ఆమెకు చెవులయ్యాను. బెల్లు మోగితే ఆమె ముందునుంచి నడిచేదాన్ని, ఆమె వెంట వచ్చేది. మందు ఎక్కించే మిషను కూత పెడితే ట్రే బల్ల మీద కాస్త గట్టిగా పెట్టేదాన్ని, ఆ అదురు ఆమె చేతికి తెలిసేది. డాక్టరు మాస్కులోంచి గొణిగితే, "అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గదా సార్" అని ఆమె వైపు తిరిగి, మాస్కు కిందికి లాగి, మళ్ళీ అనేదాన్ని. దీని గురించి ఆమె ఒక్కమాట అనలేదు, నేనూ అనలేదు. బెంచీ మీద మాత్రం తన డబ్బాలోంచి ఖట్టీ దాల్ నా అన్నం మీద పోయడం మొదలుపెట్టింది.

అట్లా ఏడు వారాలు గడిచాయి. పన్నెండో వారంలో నా మూల్యాంకనం. సంధ్యారాణి మేడం కాలేజీ నుంచి వచ్చారు. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం కూడా ఆమెతో ఉన్నారు. పొద్దున పదకొండు గంటలు. పగలు కూడా ట్యూబులైట్లు వేసి ఉంచే వార్డు అది. నాకిచ్చిన పేషెంటు ఆరో నంబరు మంచం ఎల్లేశం. రిటైరైన కార్మికుడు, బొగ్గుదుమ్ము తిన్న ఊపిరితిత్తులు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆయన భార్య సమ్మవ్వ వేడినీళ్ళు తేవడానికి వెళ్ళింది. సర్వరక్క ఎనిమిదో మంచం దగ్గర మాకు వీపు పెట్టి ఛార్టు రాస్తూ ఉంది. మేడంలిద్దరూ గుమ్మం దగ్గర రిజిస్టరు చూస్తున్నారు.

ఎల్లేశాన్ని లేపి కూర్చోబెట్టాను. దగ్గు తెర పట్టుకుంది. ఆ ఊపుకు గొట్టం గోడ దగ్గర ఊడిపోయింది, అదీ మంచానికి అవతలి పక్క. పెద్దాయన బరువంతా నా భుజం మీద వాలింది, వదిలితే కింద పడతాడు. పెదవులు నల్లబడుతున్నాయి. "అక్కా!" అని అరిచాను. గుమ్మం దగ్గర్నుంచి సూపరింటెండెంట్ మేడం, "సిస్టర్! సిస్టర్!" అని కేకేస్తూ వస్తున్నారు. రెండు మంచాల దూరంలో సర్వరక్క నిమ్మళంగా రాసుకుంటోంది.

నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఏ గ్లాసో ఆమె మీదికి విసిరేదాన్ని. గోడ మీద స్విచ్చుబోర్డు నా కుడిచేతికి అందింది. టకటకా రెండుసార్లు లైటు కొట్టాను.

సర్వరక్క గిరుక్కున తిరిగింది. ఒక్క చూపులో అంతా చూసింది. గొట్టం తగిలించి, తినే బల్ల లాగి దాని మీద రెండు తలగడలు వేసి, పెద్దాయన్ని ముందుకు వాల్చి, వీపు మీద అరచేయి పెట్టి, "ఊదు కాకా... మెల్లగ... ఊదు" అని తన చేతి ఊపుతో ఆయన ఊపిరిని దారికి తెచ్చింది. రెండు నిమిషాల్లో పెదవులు రంగు తిరిగాయి. అంత చక్కగా ఆ పని ఎవరు చేసినా నేను చూడలేదు.

వేడినీళ్ళ చెంబుతో గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది సమ్మవ్వ. ఇంకో ఊళ్ళో అయితే కరెంటు పోయి వచ్చిందనుకునేవాళ్ళు. మాది బొగ్గు ఊరు. "ఓ నా తల్లీ! సిస్టరమ్మకు గూడ చెవుడేనా? మా ముసలోన్ని నేను గిట్లనే లైటు గొట్టి పిలుస్త" అంది, చెడ్డ మనసేమీ లేకుండా, వార్డంతా వినబడేలా. మంచాల మీద తలలు ఊగాయి. అందరి ఇళ్ళలో ఉన్నదే కదా.

సూపరింటెండెంట్ మేడం సర్వరక్క వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. "సర్వరీ" అని మామూలుగా పిలిచారు. ఆగి మరోసారి పిలిచారు. సర్వరక్క నా ముఖం చూస్తోంది. నా కళ్ళు ఆమె భుజం మీదుగా పోవడం గమనించి వెనక్కి తిరిగింది. అప్పటికే అందరికీ అర్థమైంది.

సూపరింటెండెంట్ మేడం నన్ను పక్కకు పిలిచారు గానీ, సర్వరక్కకు కనబడేంత దూరమే. "నీకు ముందే తెలుసా?"

అవునంటే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసీ దాచానంటే పన్నెండు వారాల సంతకాలు చెల్లవు, పరీక్ష ఆరు నెలలు వెనక్కి పోతుంది, పైగా శిక్ష. ముఖానికి మాస్కు ఉంది. నా పెదవులు ఆమెకు కనబడవు కదా అని ఆ క్షణంలో నిజంగానే సంతోషించాను. "తెల్వది మేడం" అని తల అడ్డంగా ఊపాను. తల ఊపితే కనబడుతుందని మరిచిపోయాను.

సర్వరక్క కళ్ళు దించుకొని, తాను రాస్తున్న ఛార్టు పూర్తిచేసింది.

మేడం చేసింది తప్పని నేననలేను. ప్రాణాలతో పని. సర్వరక్కతో సంజాయిషీ కాగితం రాయించుకొని, మర్నాటి నుంచి ఆమెను బట్టల గదికి మార్చారు. దుప్పట్లు, తలగడ గలీబులు లెక్కపెట్టి మడతపెట్టి వార్డులకు పంపే గది అది, వరండా చివర ఉంటుంది. నన్ను ఇంకో నర్సుకు అప్పగించారు. మంచి మనిషే, నోరు మూయదు. డ్యూటీ రూములో గుంపుతో కూర్చుని తినమంది. కూర్చున్నాను. వాళ్ళ నవ్వుల మధ్య నాకు ఒక్క మాటా ఎక్కేది కాదు. ఫిల్టరు పక్క బెంచీ ఖాళీగా ఉండేది. దుప్పట్లు కావాలంటే ఆయమ్మను పంపేదాన్ని. ఇంట్లో నాయినకు లైటు కొట్టడం కూడా మానేసి, ఎదురుగా పోయి నిలబడేదాన్ని. "ఏమైంది బిడ్డా, పలకరిస్తలేవు?" అని నాయిన రెండుసార్లు అడిగాడు. మూడు వారాలు తప్పించుకు తిరిగాను.

తప్పించుకోలేని రోజు వచ్చింది. లాగ్‌బుక్‌లో మొదటి పన్నెండు వారాలకు ప్రిసెప్టర్ అభిప్రాయం రాసే గడి ఒకటుంది. అది సర్వరక్కే నింపాలి.

మధ్యాహ్నం పోయాను. ఆ గదిలో బల్ల గోడకు ఆనించి ఉంది, బీరువాల మధ్య కదలదు. అంటే ఆమె పొద్దంతా తలుపుకు వీపు పెట్టి కూర్చోవాల్సిందే. నేను చూస్తుండగానే ఒకతను మాసిన బట్టల మూట గుమ్మంలో పడేసి, పలకరించకుండా పోయాడు. పలకరించి మాత్రం లాభమేముందని కాబోలు. ఆమె దుప్పటి అంచులు సరిచేస్తూనే ఉంది. స్విచ్చు నా పక్కనే ఉంది. చెయ్యి దానిదాకా పోయి వెనక్కి వచ్చింది. బీరువా సందులోంచి దూరి పోయి ఆమె ఎదుట నిలబడ్డాను.

ఉలిక్కిపడింది. తర్వాత చేయి చాపింది. "బుక్కా? తే."

ప్రతి పేజీ తిరగేసింది. గడిలో తీరిగ్గా రాసింది. తలకిందులుగానే చదివాను. 'కళ్ళతో చూసి పనిచేస్తుంది. పేషెంటుకు ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. మంచి నర్సు అవుతుంది.' సంతకం పెట్టింది, తేదీ వేసింది.

"భయపడకు. నీకేం తెల్వదనే ఆ కాగితంల రాసిచ్చిన" అంది పుస్తకం మూస్తూ. "ఎప్పుడో టీబీ వార్డుల చేసేటప్పుడు నాకే టీబీ అంటింది. నెలల తరబడి సూదులు తీసుకున్న. రోగం పోయింది, దానెంట చెవులు పోయినయి. చెవులకు మిషను పెట్టుకొని చూసిన. చప్పుళ్ళన్ని ఒక్కతీరే వస్తయి, మాట మాత్రం రాదు. పన్నెండేండ్లు ఎవ్వరికి చెప్పలే. దస్తగిర్‌కు ఒక్కనికే ఎరుక. ఆయన పోయినంక ఎవ్వరికి లేదు. జూహీకి గూడ."

నేనేదో అనబోయాను. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఒక మాట చెప్త, నవ్వకు. నువ్వు ఎదురుంగ వచ్చి నిలబడుడు, బెల్లు మోగితే నా ముంగట నడుసుడు, ట్రే గట్టిగ పెట్టుడు. అన్ని నాకోసమే చేస్తున్నవనుకున్న. ఈ పిల్లకు తెల్సు, తెల్సి నా పక్కన ఉంటున్నది అనుకొని ఏడు వారాలు ఇంటికి పోయి నిమ్మళంగ పండుకున్న. పన్నెండేండ్లల్ల అట్ల నిద్రపోలే. ఆ దినం నువ్వు తల ఊపినంక సమజైంది. నీకు తెల్వనే తెల్వదు. లైటు గొట్టుడు గూడ మీ ఇంటి అలవాటే గని నా కోసం కాదు. ఒక్కదాన్నే ఉండి ఉండి, నేనే అట్ల అనుకున్న."

నేను నా ఆరు నెలలు కాపాడుకున్నాననుకున్నాను. ఆ తల ఊపుతో ఏం పోయిందో, ఎవరికి పోయిందో, అప్పుడు తెలిసింది. ఉద్యోగం కాదు, వార్డు కాదు. ఆమెకున్న ఒక్క తోడునూ నేనే లేకుండా చేశాను. సంతకం పడకముందే నిజం చెప్పానని రాస్తే ఎంతో బాగుండేది. కానీ అట్లా జరగలేదు. సంతకం అయ్యాకే, పుస్తకం నా చేతికి వచ్చాకే చెప్పాను.

మాస్కు తీసి జేబులో పెట్టుకున్నాను.

"నాకెర్కే అక్కా. అయిదో వారం కాన్నుంచి ఎర్కే. నీకోసమే చేసిన. ఆ దినం భయంతోటి అబద్ధం చెప్పిన."

ఆమె చేతిలో దుప్పటి అట్లాగే ఆగిపోయింది. కళ్ళు నా పెదవుల మీదే ఉన్నాయి.

"మల్ల చెప్పు" అంది.

అన్ని వారాల్లో, మాస్కు లేకుండా నేను చెప్పిన మాటను ఆమె ఏనాడూ రెండోసారి అడగలేదు.

"నాకెర్కే అక్కా."

"మల్ల."

మళ్ళీ చెప్పాను.